బ్లూస్ సాక్సోఫోన్ నేర్చుకునేవారు లూయీ జోర్డన్‌తో మొదలుపెట్టవచ్చా?

కర్ణాటక పద్ధతిలో కొన్నేళ్లు ఆల్టో సాక్సోఫోన్ సాధన చేసి ఇప్పుడు అమెరికా నల్లజాతివారి బ్లూస్ సంగీతం వైపు చూస్తున్నాననీ, అందరూ చెప్పే అమెరికన్ గాయకుడు, సాక్సోఫోన్ కళాకారుడు లూయీ జోర్డన్ పాటలు తనకు హాస్యగీతాల్లా తోస్తున్నాయనీ ప్రశ్నించినవారు రాశారు. నేనూ అదే దారిన వచ్చాను, మొదట అలాగే పొరబడ్డాను కూడా.

జోర్డన్ 1908లో ఆర్కన్సా రాష్ట్రంలోని బ్రింక్లీ అనే చిన్న ఊరిలో పుట్టారు. తండ్రి ఊరి బ్రాస్ బ్యాండుకు గురువు. గుడారాలు వేసి ప్రదర్శనలిచ్చే రాబిట్ ఫుట్ మిన్‌స్ట్రెల్స్ అనే సంచార బృందంలోనూ పనిచేశారు. కొడుకు ఆయన దగ్గరే క్లారినెట్ పట్టి, తరువాత సాక్సోఫోన్‌కు మారి, జనాన్ని నవ్విస్తూ నిలబెట్టుకునే విద్యను ఆ గుడారాల్లోనే నేర్చుకున్నారు. 1936 నుంచి రెండేళ్లు న్యూయార్క్‌లో డ్రమ్మర్ చిక్ వెబ్ నడిపిన జాజ్ ఆర్కెస్ట్రాలో వాయించారు. ఎల్లా ఫిట్జ్‌జెరాల్డ్ అప్పుడు అక్కడే గాయని. 1938లో బయటకు వచ్చి హార్లెమ్‌లో సొంత బ్యాండు కట్టారు. దాని పేరు టింపనీ ఫైవ్, అయితే మనుషులు తరచుగా ఐదుగురికి మించే ఉండేవారు.

ఆయన గొప్పతనం నా దృష్టిలో ఈ చిన్న బ్యాండులోనే ఉంది. అప్పటి పెద్ద బ్యాండుల్లా పదిహేను మందిని ఊరూరా తిప్పడం రెండో ప్రపంచ యుద్ధకాలంలో భారమైన పని. అదే ఊపును ఒక ట్రంపెట్, రెండు సాక్సోఫోన్లు, పియానో, బాస్, డ్రమ్స్‌తో సాధించగలిగితే నిర్వాహకుడికీ లాభం, నర్తించేవారికీ లోటుండదు. 1946లో వచ్చిన 'చూ చూ చ్‌బూగీ' నల్లజాతి శ్రోతలు మెచ్చిన పాటల జాబితాలో 18 వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఆ పాటనే నేను వాయించబోయి రెండు నెలలు తంటాలు పడ్డాను. స్వరాలన్నీ సరిగానే పడుతున్నా వినేవారికి అది ఖరహరప్రియ రాగంలాగే ఉండేది. బ్లూస్‌లోని గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలుస్తుంది. దానిని గమకంతో ఊపకూడదు, కింది పెదవి పట్టు కొంచెం సడలించి రీడ్ (నోటి దగ్గర కంపించే పలుచని పట్టీ) మీద స్వరాన్ని కిందినుంచి ఎక్కించి వదిలేయాలి. ఇక లయ సంగతి: ఒక్కో దెబ్బలోని రెండు సగాలను సమానంగా పంచే అలవాటు మనది, బ్లూస్‌లో మొదటిది సాగుతుంది, రెండవది వెనకబడి వస్తుంది. చివరకు వాయిద్యం పక్కన పెట్టి, జోర్డన్ పాడిన పంక్తిని మాటలతో సహా పాడుకున్నాకే దారి దొరికింది, ఎందుకంటే ఆయన ఎక్కడ పాట ఆపుతారో అక్కడ సాక్సోఫోన్ అదే ఉచ్చారణతో, అదే కొంటెతనంతో మాట అందుకుంటుంది.

ఆయన వెలుగు 1950ల మొదట్లోనే తగ్గింది. 1954లో తన రికార్డులు విడుదల చేసే డెక్కా సంస్థను విడిచారు. జోర్డన్ రికార్డులు తీసిన అక్కడి నిర్మాత మిల్ట్ గేబ్లరే అదే ఏడాది రాక్ అండ్ రోల్ గాయకుడు బిల్ హేలీతో 'రాక్ అరౌండ్ ద క్లాక్' రికార్డు చేశారు. అందులోని ఊపు ఎక్కడిదో జోర్డన్‌ను విన్నవారికి వేరే చెప్పనక్కరలేదు. జోర్డన్ 1975లో లాస్ ఏంజెలెస్‌లో మరణించారు.

కాబట్టి జోర్డన్‌తోనే మొదలుపెట్టండి. ముందుగా ఒక్క పాట తీసుకుని, సాక్సోఫోన్ ఊపిరి ఎక్కడ తీసుకుంటుందో కాగితం మీద గీతలు పెట్టుకుంటూ వినండి. ఆ వారం వాయిద్యం పెట్టెలోనే ఉండనివ్వండి.