‘ఎవిన్‌దె’ ఎవరి ఇంట్లో?

ప్రశ్న: టర్కిష్ భాష నేర్చుకుంటున్నాను. ‘ఎవ్’ అంటే ఇల్లు, ‘దె’ అంటే ‘లో’ అని తెలిసింది. ‘ఎవిన్‌దె’ అనే రూపానికి మాత్రం ఒక పాఠంలో ‘నీ ఇంట్లో’ అనీ, మరో పాఠంలో ‘అతని ఇంట్లో’ అనీ అర్థం ఇచ్చారు. ఏది సరైనది? ఈ నకారం ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు: రెండూ సరైనవే. పైకి ఒకేలా కనిపించినా ఆ రెండు రూపాలూ ఏర్పడిన తీరు వేరు. టర్కిష్‌లో నామవాచకానికి మొదట బహువచన ప్రత్యయం, ఆ తరువాత అది ఎవరిదో తెలిపే ప్రత్యయం, చివర విభక్తి చేరుతాయి. ‘నా ఇళ్లలో’ అనడానికి ‘ఎవ్‌లెరిమ్‌దె’ అంటారు. ‘నీ ఇల్లు’ అంటే ‘ఎవిన్’ కనుక దానికి ‘దె’ చేరితే ‘ఎవిన్‌దె’ అవుతుంది; ఇక్కడి నకారం ‘నీ’ అనే అర్థాన్నిచ్చే ప్రత్యయంలోనిదే. ‘అతని ఇల్లు’ అంటే ‘ఎవి’ మాత్రమే. అయితే ప్రథమపురుష ప్రత్యయం మీద విభక్తి చేరేటప్పుడు నడుమ ఒక నకారం వస్తుంది కనుక అదీ ‘ఎవిన్‌దె’గానే తేలుతుంది. స్వయంగా ఏ అర్థమూ లేని ఈ రెండో నకారాన్ని వ్యాకర్తలు సర్వనామ నకారం అంటారు, ఎందుకంటే ‘అది’ అనే అర్థమున్న ‘ఒ’ కూడా విభక్తికి ముందు ‘ఒన్’ అవుతుంది. మన ‘అది’ విభక్తికి ముందు ‘దాని’గా మారడం ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.

ఈ రెండు నకారాలు మొదట ఒకే ధ్వని కావు. ‘నీ’ ప్రత్యయంలోనిది మన ఙకారం వంటి ధ్వని. అరబ్బీ లిపిలో రాసిన ఒట్టోమన్ టర్కిష్‌లో దానిని మామూలు నకారంతో కాక కకారపు అక్షరంతో రాసేవారు. ఇస్తాంబుల్ ఉచ్చారణలో అది నకారంలో కలిసిపోయింది. 1928లో లాటిన్ లిపిని స్వీకరించినప్పుడు దానికి వేరే అక్షరం కేటాయించలేదు. టర్కిష్‌కు బంధువైన కజక్ భాషలో ఆ భేదం నేటికీ నిలిచి ఉంది: అక్కడ ‘నీ ఇంట్లో’ అనడానికి ‘ఉయిఙ్‌దె’, ‘అతని ఇంట్లో’ అనడానికి ‘ఉయిన్‌దె’ అంటారు. మరో బంధుభాష ఉజ్బెక్ సర్వనామ నకారాన్నే వదిలేసి ‘ఉయిద’ అంటుంది కనుక అక్కడ మీ సందేహానికి తావే లేదు.

టర్కిష్‌లోనూ ఈ చిక్కు హల్లుతో ముగిసే ఏకవచన పదాలలోనూ బహువచనాలలోనూ ఎదురవుతుంది. అచ్చుతో ముగిసే ‘కెది’ (పిల్లి) వంటి పదాలకు ప్రథమపురుషలో ‘సి’ చేరుతుంది కనుక ‘నీ పిల్లికి’ అంటే ‘కెదినె’, ‘అతని పిల్లికి’ అంటే ‘కెదిసినె’ అని స్పష్టంగా విడిపోతాయి. ‘ఎవిన్‌దె’ విషయంలో చాలావరకు సందర్భమే అర్థాన్ని చెబుతుంది. అది చాలనప్పుడు ‘సెనిన్ ఎవిన్‌దె’ (నీ ఇంట్లో), ‘ఒనున్ ఎవిన్‌దె’ (అతని ఇంట్లో) అని ముందు సర్వనామాన్ని చేర్చి చెబుతారు.