తమ్ముడి ఇంట్లో భోజనం

ప్రశ్న: మాది తెనాలి. పెళ్లయ్యాక హైదరాబాద్‌లో ఉంటున్నాం. నా తమ్ముడికి 31 ఏళ్లు, పుట్టుకతో బుద్ధిమాంద్యం. అన్నీ అమ్మే చూసుకునేది. అమ్మ పోయాక, ఎనిమిది నెలల క్రితం వాణ్ణి ఒక హోమ్‌లో చేర్చాను. పన్నెండు మంది ఉంటారు, బాగానే చూస్తున్నారు. పోయిన ఆదివారం వెళ్తే, ఉండి అందరితో కలిసి భోంచేయమన్నారు. పక్కన కూర్చున్నాయనకు చొంగ కారుతోంది. ఇంకొకాయన నా కంచంలోంచి అప్పడం తీసేసుకున్నాడు. మావారు ఫోనొచ్చిందని బయటికెళ్లి మళ్లీ లోపలికి రాలేదు. నాకూ ముద్ద దిగలేదు. తమ్ముడు మాత్రం నవ్వుతూ వడ్డిస్తూనే ఉన్నాడు. దారంతా ఏడ్చాను. సొంత తమ్ముణ్ణి ఆశ్రమంలో పడేసిందని చుట్టాలు ఎలాగూ అంటున్నారు. ఇంటికి తెచ్చేసుకోనా?

జవాబు: మీ ఉత్తరంలో ఒక్క ముక్క దగ్గర ఆగిపోయాను. తమ్ముడు వడ్డిస్తున్నాడన్నారు. అమ్మ ఉన్నన్నాళ్లూ అతను ఎవరికైనా వడ్డించాడా? అమ్మే కలిపి ముద్దలు పెట్టి ఉంటుంది. ఆ ప్రేమని తప్పుపట్టను. కానీ ఈ ఎనిమిది నెలల్లో గరిటె అతని చేతికొచ్చింది. ఆ ఆదివారం మీరు అతనింటికి వెళ్లిన చుట్టం.

ముద్ద దిగకపోవడం పాపమేమీ కాదు. కొన్నేళ్ల కిందట నేనూ అలాంటి ఒక ఇంటికి వారం వారం వెళ్లేదాన్ని. మొదటి నెలంతా గురువారం ఉపవాసమని చెప్పి తప్పించుకున్నాను. నాకు ఏ వారమూ ఉపవాసం లేదు! అక్కడ కంచాలు లెక్కపెట్టి పెట్టే కుర్రాడొకడు నాకోసం వారం వారం ఒకటి ఎక్కువ పెట్టి, దాన్ని బోర్లించి ఉంచేవాడు. అయిదో వారం సిగ్గేసి ఆ కంచం తిప్పాను. పప్పుచారూ అన్నం. ఇప్పటికీ గుర్తే.

ఇంకోటి కూడా అక్కడే చూశాను. పుట్టినరోజుకో, పెద్దల సంవత్సరీకానికో అన్నదానం చేసేవాళ్లు చాలామంది వస్తారు. వడ్డిస్తారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు. పక్కన కూర్చుని తినేవాళ్లు అరుదు. తినిపోయిన వాళ్ల పేర్లు మాత్రం ఆ పిల్లలు నెలల తరబడి అడిగేవాళ్లు.

మీవారిని సాధించకండి. ఈసారి భోజనాల వేళకు కాకుండా వంట వేళకే వెళ్లండి. కూర తరగమనో, చారు బకెట్టు పట్టుకోమనో ఆయనకో పని చెప్పండి. తినమని మాత్రం అడగొద్దు. మీరు ఏం తీసుకెళ్లినా అందరికీ సరిపడా తీసుకెళ్లండి. పెట్టేముందు అక్కడివాళ్లనడగండి. కొందరు నమలకుండా మింగేస్తారు, గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంటుంది. కొందరికి షుగర్ ఉంటుంది.

ఇంటికి తెచ్చుకోవడం సంగతి: చుట్టాల మాట కోసమైతే వద్దు. పండక్కి నాలుగు రోజులు తీసుకురండి. మూడో రోజుకి అతను గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటే మీ ప్రశ్నకు జవాబు దొరికినట్టే. వెళ్లనని ఏడిస్తే మాత్రం, అక్కడ ఏం జరుగుతోందో నిదానంగా కనుక్కోండి. చెప్పకుండా వెళ్తే లోపలికి రానిస్తున్నారా, 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, చూసుకోండి.

కాగితాల పనీ ఒకటుంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లకు అక్కయినా దానంతటదే సంరక్షకురాలు కాదు. అవసరమైతే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అదే ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చులు వస్తాయి. అందులో చేర్పించారో లేదో హోమ్ వాళ్లనే అడగండి.

వచ్చే ఆదివారం అప్పడాలు మీరే వేయించి పట్టుకెళ్లండి. పోయినసారి మీ కంచంలోంచి తీసుకున్నాయన పక్కనే కూర్చోండి.