క్విజ్ షోలు చూడటం టైమ్ వేస్టా? మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను

"మా అమ్మాయి ఎనిమిదో తరగతి. టీవీలో క్విజ్ షో వస్తే పుస్తకం మూసేసి దాని ముందే కూర్చుంటుంది. దానివల్ల నిజంగా ఏమైనా నేర్చుకుంటుందా, మాన్పించాలా?" అని అడిగారు. మాన్పించకండి. కానీ ఒక్కదాన్నే చూడనివ్వకండి, మీరూ పక్కన కూర్చోండి. ఊరికే చూస్తే మర్నాటికి ఏదీ గుర్తుండదు. ఇంట్లో నలుగురూ వాదించుకున్న ప్రశ్న మాత్రం పదేళ్లయినా పోదు.

2014 జూన్‌లో 'మా టీవీ' ఛానల్లో నాగార్జున గారితో 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైనప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మాది పార్వతీపురం. నాన్న పదో తరగతితో చదువు ఆపేసి కిరాణా కొట్టు పెట్టుకున్న మనిషి. ఆ షో ఉన్న రోజు కొట్టు అరగంట ముందే కట్టేసి వచ్చేసేవారు. మా ఇంట్లో ఒకటే రూలు: ఆప్షన్లు స్క్రీన్ మీదకి రాకముందే జవాబు చెప్పాలి. వచ్చాక చెబితే లెక్కలోకి రాదు. పురాణాల ప్రశ్న వస్తే అమ్మ వంటింట్లోంచే, పోపు చిటపటల మధ్య, మా అందరికంటే ముందు చెప్పేసేది.

ఈ రూలు చిన్నదే అయినా చాలా పని చేస్తుంది. నాలుగు ఆప్షన్లు కళ్ల ముందుంటే, జవాబు చూడగానే "ఇది నాకు తెలుసు" అనిపిస్తుంది. నిజానికి అది తెలిసినట్టు కాదు, ఎక్కడో విన్నట్టు మాత్రమే. ఆప్షన్లు లేకుండా నోటికి వస్తేనే తెలిసినట్టు. మీ అమ్మాయితో ఒక్క వారం ఇలా ఆడి చూడండి, తేడా తనకే అర్థమవుతుంది.

నాన్న దగ్గర ఒక ఎల్ఐసీ డైరీ ఉండేది. ముందు పేజీల్లో కొట్టు అరువు ఖాతాలు, వెనక నుంచి తిరగేస్తే క్విజ్. మాకు తెలిసిన జవాబులు అందులో రాసేవారు కాదు. ఇంట్లో ఒక్కరూ చెప్పలేకపోయినవి మాత్రమే, నీలం బాల్‌పెన్‌తో, ప్రశ్నకి ఒక లైను. వారానికి నాలుగైదు కంటే ఎక్కువ ఉండేవి కావు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వాటినే మళ్లీ మమ్మల్ని అడిగేవారు.

షోలో ముందుగా నాలుగు పేర్లు వరసలో పెట్టమనేవారు కదా, అది చూసి మేమూ ఇంట్లో అలాంటివి తయారు చేసుకునేవాళ్లం. ఒకరోజు తమ్ముడు అనంతపురం, నెల్లూరు, కర్నూలు, తిరుపతి ఇచ్చి ఉత్తరం నుంచి దక్షిణానికి పెట్టమన్నాడు. అనంతపురం నెల్లూరు కంటే కింద ఉంటుందని నేను పంతం పట్టాను. నాన్న అటకమీంచి నా పాత స్కూల్ అట్లాస్ దింపి, దుమ్ము దులిపి, నేలమీద పరిచి, ఒక స్కేలు అడ్డంగా పెట్టారు. కర్నూలు, అనంతపురం, నెల్లూరు, తిరుపతి. నెల్లూరే కాస్త కిందకి ఉంది! అనంతపురం అనగానే కర్ణాటక సరిహద్దు, ఎక్కడో మూల అనే బొమ్మ నా మనసులో ఉండిపోయింది, అంతే. ఆ స్కేలు ఆ పేజీ మీద ఆనిన చోటు నాకు ఇప్పటికీ కళ్లకి కడుతుంది.

ఇంకో సంగతి, ప్రశ్నని చివరి పదం దాకా వినడం. "ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి" అంటే టంగుటూరి ప్రకాశం పంతులు గారు, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన రాష్ట్రం అది. "ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రి" అంటే నీలం సంజీవరెడ్డి గారు, 1956 నవంబరు 1. సగం వినగానే ప్రకాశం గారి పేరు అరిచేసి మా ఇంట్లో అందరం ఎన్నిసార్లు తప్పామో! పోటీ పరీక్షలకి వెళ్లినప్పుడు నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఈ అలవాటే.

ఆడియెన్స్ పోల్, అంటే ఆడేవాళ్లకి జవాబు తెలియనప్పుడు హాల్లో ఉన్నవాళ్లని ఓటు వేయమనడం, దాని గురించి కూడా అమ్మాయితో మాట్లాడండి, మంచి లెక్క అది. హాల్లో వందమంది ఉన్నారనుకోండి. ఇరవైమందికే జవాబు తెలుసు, మిగతా ఎనభైమంది గుడ్డిగా నొక్కారు. ఆ ఎనభై ఓట్లూ నాలుగు ఆప్షన్లకీ తలా ఇరవై పడితే, సరైన జవాబుకి నలభై, మిగతా మూడింటికీ ఇరవయ్యేసి వస్తాయి. తెలిసినవాళ్లు కొందరే అయినా జవాబు పైకి తేలుతుంది. కానీ అందరికీ ఒకే తప్పు అభిప్రాయం ఉన్న చోట, పైన చెప్పిన ప్రకాశం గారి ప్రశ్న లాంటి చోట, అదే పోల్ ముంచేస్తుంది.

డబ్బు లెక్క దగ్గర మా ఇంట్లో అసలు గొడవ. ఆ షోలో అయిదో ప్రశ్న దాటితే 10,000, పదో ప్రశ్న దాటితే 3,20,000 ఖాయంగా ఉండేవి, తర్వాత తప్పినా పోయేవి కావు. నాన్న ఎప్పుడూ "చాల్లే, తీసుకుని వచ్చేయాలి" అనేవారు. పదకొండో ప్రశ్న దగ్గర కూడా అలా అంటే తమ్ముడు ఊరుకునేవాడు కాదు. అక్కడ తప్పు చెప్పినా అదే 3,20,000 చేతికొస్తుంది, ఇక మానేయడం ఎందుకు? పన్నెండో ప్రశ్నకి చేతిలో 6,40,000. తప్పితే పోయేది 3,20,000, గెలిస్తే 12,50,000, అంటే కలిసేది 6,10,000. రెండు ఆప్షన్లే మిగిలితే ధైర్యం చేయొచ్చు. అదే కోటి ప్రశ్న దగ్గరైతే చేతిలో 50 లక్షలు, తప్పితే 46,80,000 పోతాయి. "లెక్కకి సగం సగమేరా, మన ఇంటికి సగం సగం కాదు" అన్నారు నాన్న. ఆ మాట మీద తమ్ముడు మొదటిసారి వాదన ఆపేశాడు. ఎనిమిదో తరగతి పిల్లకి సంభావ్యత చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

2021లో జూనియర్ ఎన్టీఆర్ గారితో జెమినీలో 'ఎవరు మీలో కోటీశ్వరులు' వచ్చేసరికి నేను ఉద్యోగం కోసం బెంగళూరులో ఉన్నాను. యాడ్స్ వస్తే చాలు నాన్న ఫోన్. ఆ నవంబరులో కొత్తగూడెం నుంచి వచ్చిన ఒక ఎస్సై గారు కోటి గెలిచారు, తెలుగులో అదే మొదటి కోటి. చివరి ప్రశ్న 1956 రాష్ట్రాల పునర్విభజన వెనకున్న కమిషన్ ఏది అని. జవాబు ఫజల్ అలీ కమిషన్. ఎపిసోడ్ అయిపోయాక నాన్నా నేనూ గంటసేపు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆ కమిషన్ 1955లో ఇచ్చిన నివేదికలో తెలంగాణ ప్రాంతాన్ని అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంగా విడిగానే ఉంచమందని, 1961 ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతులమంది ఒప్పుకుంటే కలపొచ్చని చెప్పిందని నాకు ఆ రాత్రే తెలిసింది. కోటి ప్రశ్న ఒక్క పేరుతో అయిపోయింది, మాకు మాత్రం అక్కడి నుంచే మొదలైంది.

ఒక జాగ్రత్త కూడా. ఇలాంటి షోల పేరుతో "మీ నంబరుకి 25 లక్షల లాటరీ తగిలింది" అని వాట్సాప్‌లో ఆడియోలు, ఫొటోలు వస్తాయి. మా నాన్నకీ వచ్చింది, ముందుగా టాక్స్ కట్టాలన్నారు. ఆయన నాకు ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది. గెలిచిన డబ్బు కోసం ముందు మనల్నే డబ్బు కట్టమంటే అది మోసమే. ఇంట్లో పెద్దవాళ్లకి ఈ ముక్క తప్పకుండా చెప్పి ఉంచండి.

మీరు వెంటనే చేయాల్సింది ఒక్కటే, ఒక అట్లాస్ కొని టీవీ పక్కన పెట్టండి. 2019 తర్వాత అచ్చయినదేనా చూసుకోండి, లద్దాఖ్ విడిగా కనిపించాలి. మా అటకమీది దాంట్లో తెలంగాణ కూడా విడిగా ఉండేది కాదు.