హిజ్కియాను దాటవేయకు

క్రీస్తునందు ప్రియమైన తమ్ముడికి,

కతోలికులమైన మనల్ని విగ్రహారాధకులనే ప్రొటెస్టెంట్లకు జవాబుగా నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఆవేశం ఉంది, గ్రంథ పరిచయమూ ఉంది. ఎదుటివారి ఆక్షేపణను మాత్రం దాని అసలు బలంతో ఎక్కడా చెప్పలేదు. "వాళ్లకు బైబిలు తెలియదు" అన్న నీ మొదటి వాక్యం కొట్టివెయ్యి. సండే స్కూలు నాటి నుంచి వచనాలు కంఠతా పట్టినవారు ఆ మాట చూశాక రెండో వాక్యం చదవరు.

నిర్గమకాండం 20లో విగ్రహాలు చేసుకోవద్దన్న దేవుడే 25లో పది ఆజ్ఞల పలకలుంచే మందసం మీదికి రెక్కల దూతలైన కెరూబులను బంగారంతో చేయమన్నాడనీ, సంఖ్యాకాండం 21లో మోషే చేత ఇత్తడి సర్పాన్ని చేయించాడనీ నువ్వు రాసింది సరైనదే. నలభై ఏళ్ల కిందట నేనూ సరిగ్గా అక్కడే ఆగి, గెలిచాననుకున్నాను. వారం తిరక్కుండా ఒక లూథరన్ పాస్టరుగారి పోస్టుకార్డు వచ్చింది: "అయ్యా, రాజుల రెండవ గ్రంథం 18:4 కూడా చూడండి." ఇశ్రాయేలీయులు ఆ సర్పానికే ధూపం వేస్తుంటే హిజ్కియా రాజు దాన్ని ముక్కలు చేశాడని అక్కడ ఉంది. సిగ్గుపడ్డాను. తర్వాత ఆలోచిస్తే, దేవుడు చేయమన్న వస్తువునే పగలగొట్టవలసి వచ్చిందంటే తప్పు ఇత్తడిలో లేదనీ, జనం దానికి సమర్పించిన దానిలో ఉందనీ తేలింది. 787లో బిషప్పులు కూడిన రెండవ నీకేయ మహాసభ చెప్పిందీ ఇదే: ఆరాధన దేవునికొక్కడికే, స్వరూపానికి చేసే వందనం ఆ స్వరూపం ఎవరిదో వారికి చేరుతుంది. కనుక హిజ్కియాను దాచవలసిన పని లేదు, మన వాదం నిలబడేదే అతని మీద.

విజయవాడ గుణదలలోని మరియతల్లి క్షేత్రంలో ఫిబ్రవరి 9 నుంచి 11 వరకు జరిగే తిరునాళ్లలో కొబ్బరికాయలు కొట్టేవారినీ, తలనీలాలు ఇచ్చేవారినీ చూసినవారికి అనుమానం రావడం సహజం. ఆ భక్తిని సమర్థించు. కానీ మరియతల్లి తన సొంత శక్తితోనే వరాలిస్తుందని ఎవరైనా అంటే అది శ్రీసభ, అంటే మన కతోలిక సంఘం, బోధ కాదని కూడా తడబడకుండా రాయి. ఆ అనుమానానికి తావిస్తూ, దేవునికి అర్పించే దివ్యబలినీ "పూజ" అంటూ, తల్లి దగ్గర చేసేదాన్నీ "పూజ" అంటూ తిరిగేది మనమే కదా!

జపమాల గురించి నువ్వు రాసిన మూడు పేజీల కంటే అందులో మరియతల్లికి చెప్పే జపంలోని ఒక్క క్రియాపదం మేలు. మొదటి సగం లూకా 1లో గబ్రియేలు, ఎలిజబెతు పలికిన మాటలు. "దయాప్రాప్తురాలా, నీకు శుభము" అని వారి బైబిల్లోనూ ఉంది. రెండో సగంలో మనం అడిగేది "ప్రార్థించండి" అని మాత్రమే. ఉపవాస ప్రార్థనలో సంఘాన్ని అడిగే సోదరి కోరేదీ అదే. ఆ సంఘం బతికున్నవారిది, మరియ ఈ లోకం విడిచి వెళ్లింది అంటారు. అసలు తగాదా అక్కడే, వాదం అక్కడ చెయ్యి. ప్రకటన 5:8లో పరలోకపు పెద్దలు పట్టుకున్న ధూప పాత్రలు పరిశుద్ధుల ప్రార్థనలని ఉంది, అవి వారి చేతుల్లోకి ఎలా వచ్చాయో అడుగు.

గురువులను "ఫాదర్" అని పిలవడం తప్పనేవారికి, సువార్త ద్వారా మిమ్మల్ని కన్నానని పౌలు అన్న 1 కొరింథీ 4:15 చాలు. మన బైబిల్లో 73, వారి బైబిల్లో 66 గ్రంథాలన్న లెక్క మరో వ్యాసానికి ఉంచుకో.

తిరగరాసిన ప్రతిని ముందు నీ బాప్టిస్టు మిత్రుడికి చదివి వినిపించు. అతను ఎక్కడెక్కడ అడ్డుపడ్డాడో మార్జిన్‌లో గుర్తుపెట్టి, ఆ ప్రతినే నాకు పంపు.

నీ అన్నయ్య