కాలేజీలో బిగినర్ స్పానిష్: గ్రామర్‌ని ఇంగ్లీషు మీదుగా కాదు, తెలుగు మీదుగా నేర్చుకోండి

మీరు అడిగింది ఇదీ: హెచ్4 (హెచ్1బి ఉద్యోగి కుటుంబానికిచ్చే డిపెండెంట్ వీసా) మీద డాలస్ వచ్చారు, ఈ ఫాల్‌లో కమ్యూనిటీ కాలేజీలో చేరుతున్నారు, డిగ్రీ ప్లాన్‌లో ఒక ఎలెక్టివ్, అంటే మనకి నచ్చిన సబ్జెక్టు పెట్టుకునే చోటు, ఖాళీగా ఉంది. స్పానిష్ తీసుకోవాలని ఉంది కానీ, "నా ఇంగ్లీషే అంతంత మాత్రం, దాని మీద ఇంకో భాష అంటే తట్టుకోగలనా? జీపీఏ (గ్రేడ్ల సగటు) పోతుందేమో" అని టెన్షన్.

తీసుకోండి. నేనూ మీలాగే హెచ్4 మీద వచ్చి, నర్సింగ్‌కి ముందు చదవాల్సిన సబ్జెక్టులన్నీ టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో పూర్తి చేశాను. వాటితో పాటు బిగినర్ స్పానిష్ చదివాను. వర్క్ పర్మిట్ వచ్చాక ఇక్కడే ఆస్పత్రిలో నర్సుగా చేస్తున్నాను. అనాటమీ, మైక్రోబయాలజీ ఉద్యోగానికి ఎంత పనికొచ్చాయో, స్పానిష్ కూడా అంతే పనికొచ్చింది.

ముందు జీపీఏ సంగతి చెప్తాను, మీ భయం దాని గురించే కాబట్టి. టెక్సాస్‌లో చాలా కాలేజీలకు ఒకే కోర్సు నంబర్ల పద్ధతి ఉంటుంది. మీ లిస్టులో కనిపించే మొదటి స్పానిష్ కోర్సు బహుశా స్పాన్ (SPAN) 1411. ఆ నంబర్లో రెండో అంకె క్రెడిట్లను చెప్తుంది, అంటే ఇది నాలుగు క్రెడిట్ల కోర్సు. మామూలు మూడు క్రెడిట్ల క్లాసు కన్నా జీపీఏ మీద దీని బరువు ఎక్కువ. 'ఎ' (A) గ్రేడ్ వస్తే బాగా పెంచుతుంది, 'సి' (C) వస్తే బాగా లాగుతుంది. క్లాసు గంటలూ, హోంవర్కూ కూడా అలాగే ఎక్కువ. కాబట్టి కెమిస్ట్రీ ల్యాబ్ ఉన్న సెమిస్టర్‌లో దీన్ని ఇరికించకండి. సమ్మర్‌లో ఐదు వారాల సెక్షన్ ఉంటుంది, త్వరగా అయిపోతుందని ఆశపడి అందులోకీ వెళ్ళకండి. భాష బుర్రలో ఊరడానికి కొంత టైము కావాలి. ఐదు వారాల్లో పాఠాలు పూర్తవుతాయి కానీ నోరు తిరగదు.

ఇంకో విషయం ఎవరూ ముందుగా చెప్పరు. ఇది పేరుకి బిగినర్ క్లాసే అయినా అందరూ మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్ళు కారు. టెక్సాస్‌లో హైస్కూల్ పాసవ్వాలంటే ఇంగ్లీషు కాకుండా ఇంకో భాషలో రెండు క్రెడిట్లు ఉండాలి. ఎక్కువమంది పిల్లలు స్పానిషే తీసుకుంటారు. అందుకే మీ పక్కన కూర్చునే పద్దెనిమిదేళ్ళ అబ్బాయి అప్పటికే రెండేళ్ళు చదివి వచ్చి ఉంటాడు. ఇంట్లో అమ్మమ్మతో స్పానిష్ మాట్లాడే పిల్లలు కూడా ఒకరిద్దరు ఉంటారు. వాళ్ళ కోసం చాలా కాలేజీల్లో వేరే కోర్సులున్నాయి గానీ అందరూ అక్కడికి వెళ్ళరు. మొదటి రెండు వారాలు వాళ్ళు గడగడా జవాబులు చెప్తుంటే మీకు గుండె జారుతుంది. నాకూ జారింది. అయితే హైస్కూల్లో నేర్చుకున్నది చాలామందికి రంగులు, అంకెలు, కుటుంబ సభ్యుల పేర్ల దగ్గరే ఆగిపోయి ఉంటుంది. క్రియలు మొదలయ్యేసరికి అందరూ దాదాపు ఒకే చోట ఉంటారు. మన తెలుగువాళ్ళకి అసలు బలం పనికొచ్చేది అక్కడే.

ఈ జవాబు రాయడానికి కారణం కూడా ఆ బలమే. పుస్తకం, ప్రొఫెసర్, వెబ్‌సైటు అన్నీ స్పానిష్‌ని ఇంగ్లీషు వాళ్ళ కోసం వివరిస్తాయి. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళకి ఏది వింతో దాన్ని పెద్ద బాక్సు కట్టి, కష్టమైన పాఠంగా చూపిస్తాయి. అందులో సగం మనకి వింతే కాదు. మీరు దాన్ని ముందు ఇంగ్లీషులోకి మార్చుకుని అర్థం చేసుకోవాలని చూస్తే వాళ్ళ కష్టం మీకూ వస్తుంది. నేరుగా తెలుగు పక్కన పెట్టి చూడండి.

క్రియలు తీసుకోండి. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాం. చివరి ముక్క వింటేనే ఎవరో తెలిసిపోతుంది, నేను, నువ్వు, మేము అని విడిగా చెప్పక్కర్లేదు. స్పానిష్‌లోనూ అంతే: ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లామోస్. మా క్లాసులో అమెరికన్ పిల్లలు ప్రతి వాక్యానికీ ముందు 'యో, యో' (నేను, నేను) అని తగిలించేవాళ్ళు. ప్రొఫెసర్ తీసెయ్యమని సెమిస్టర్ అంతా చెప్తూనే ఉన్నారు. మనకి ఆ అలవాటు పుట్టుకతోనే ఉంది.

నువ్వు, మీరు తేడా కూడా వాళ్ళకి కొత్త పాఠమే. మనకి మాత్రం 'తు' అంటే నువ్వు, 'వుస్తెద్' అంటే మీరు. పెద్దవాళ్ళతో, పేషెంట్లతో, కొత్తవాళ్ళతో వుస్తెద్ అనండి. ఎప్పుడు ఏది వాడాలో మన పెంపకమే చెప్తుంది. గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే, వుస్తెద్ అన్నప్పుడు క్రియ 'అతను, ఆమె' రూపంలో వస్తుంది.

తర్వాత అందరూ భయపడే గుస్తార్, అంటే ఇష్టాన్ని చెప్పే క్రియ. ఇంగ్లీషులో ఇష్టపడే మనిషి కర్త అవుతాడు, స్పానిష్‌లో ఆ వస్తువే కర్త. క్లాసులో దీని మీద చాలా రోజులు గడిచాయి. మీరు 'నచ్చు' అనే క్రియ తలచుకోండి. నాకు ఈ పాట నచ్చుతుంది, నాకు ఈ పాటలు నచ్చుతాయి. 'నాకు' మారలేదు, పాట పాటలైతే క్రియ మారింది. మె గుస్తా లా కన్సియోన్, మె గుస్తాన్ లాస్ కన్సియోనెస్. అచ్చం అదే కట్టు. ఆస్పత్రిలో నేను రోజూ వినే నొప్పి మాటా ఇలాగే నడుస్తుంది: మె దుయెలె లా కబేసా, నాకు తల నొప్పెడుతోంది. మె దుయెలెన్ లోస్ పియెస్, నాకు పాదాలు నొప్పెడుతున్నాయి. ఈ పాఠం మొదలైన రోజే నాకు ఈ క్లాసు మీద నమ్మకం కుదిరింది.

సేర్, ఎస్తార్ అని రెండు 'ఉండు'లు ఉంటాయి, దీన్ని పుస్తకాలు శాశ్వతం, తాత్కాలికం అని వివరిస్తాయి. ఆ వివరణ చాలాచోట్ల తప్పుదారి పట్టిస్తుంది. మన వాక్యాలు చూడండి: 'నేను నర్సుని' అన్నప్పుడు అసలు క్రియే లేదు, అక్కడ సేర్ వస్తుంది, సోయ్ ఎన్ఫెర్మేరా. 'నేను ఇంట్లో ఉన్నాను', 'నేను అలసిపోయి ఉన్నాను' అన్నప్పుడు ఎస్తార్, ఎస్తోయ్ ఎన్ కాసా, ఎస్తోయ్ కన్సాదా. ఇది పూర్తిగా కలవదు. 'మా తమ్ముడు పొడుగ్గా ఉంటాడు' అనేదానికి మనం ఉంటాడు అన్నా వాళ్ళు సేర్‌నే వాడతారు. పార్టీ ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి కూడా సేర్ వస్తుంది. అలాంటివి విడిగా రాసి పెట్టుకోండి. మిగతాది మన భాషే దాటిస్తుంది.

ఉచ్చారణలో అయితే మనం క్లాసులో ముందుంటాం. స్పానిష్ త, ద మన త, ద లాంటివే, ఇంగ్లీషు ట, డ కావు. ప, త, క పలికేటప్పుడు ఇంగ్లీషులోలా గాలి వదలక్కర్లేదు. అమెరికన్ పిల్లలు నాలుక తిప్పలేక అవస్థ పడే బలమైన 'ర్ర' మనకి కర్ర, గుర్రం అన్నంత తేలిక. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క. మన చెవికి ఆ తేడా మొదటిసారే వినిపిస్తుంది. హెచ్ అక్షరం పలకరు, జె అక్షరాన్ని గొంతులోంచి వచ్చే 'హ'లా పలుకుతారు, బి, వి రెండూ ఒకటే. టెక్సాస్‌లో మీరు వినేది ఎక్కువగా మెక్సికో పలుకుబడి, స్పెయిన్‌లోలా సి, జెడ్‌లను 'థ' లాగా అనరు.

మనకి కష్టమైనవి కూడా చెప్పాలి. అచ్చులో పొడవు, పొట్టి తేడా స్పానిష్‌లో లేదు, ఏ అక్షరం మీద ఊనిక ఉందన్నదే ముఖ్యం. మనకేమో పలు, పాలు అని పొడవుతోనే అర్థం మారుతుంది, ఊనిక పట్టించుకునే అలవాటు లేదు. ముందు ఊనితే ఆబ్లో, నేను మాట్లాడతాను. చివర ఊనితే అబ్లో, అతను మాట్లాడాడు. రాతలో ఆ చిన్న గీత పెట్టకపోతే పరీక్షలో మార్కు పోతుంది, ఫోనులోనూ లాప్‌టాప్‌లోనూ స్పానిష్ కీబోర్డు మొదటివారమే పెట్టుకోండి.

రెండోది లింగం. బల్ల ఆడది, పుస్తకం మగది అంటే తెలుగు బుర్ర ఒప్పుకోదు. స్కూల్లో హిందీ సెకండ్ లాంగ్వేజ్‌గా చదివి ఉంటే ఈ బాధ మీకు ఒకసారి తెలిసిందే. ఏ నామవాచకాన్నీ ఒంటరిగా నేర్చుకోకండి, ముందున్న ఎల్ (మగ) లేదా లా (ఆడ) తో కలిపే నోటికి పట్టించండి. ఓ తో ముగిస్తే మగ, ఆ తో ముగిస్తే ఆడ అన్న సూత్రం చాలావరకు నడుస్తుంది, కానీ ఎల్ ప్రొబ్లేమా (సమస్య), ఎల్ మాపా (మ్యాప్), ఎల్ దియా (రోజు), లా మానో (చెయ్యి) లాంటివి రోజూ వాడే మాటలే, అవే ఎదురు తిరుగుతాయి. వాక్యంలో మాటల వరస, విభక్తి ముందు రావడం, వీటికి మాత్రం ఇంగ్లీషే సాయం. కొత్త మాటలకీ అంతే: ఇంపోర్తాంతె, ఒస్పితాల్, ఉనివెర్సిదాద్, ఇంగ్లీషు కాస్త వచ్చినా పోల్చుకోగలరు. మీ ఇంగ్లీషు అంతంత మాత్రం అన్నారు కదా, ఈ పనికి అది చాలు.

క్లాసు ఎలా నడుస్తుందంటే, మా ప్రొఫెసర్ మొదటిరోజు నుంచీ స్పానిష్‌లోనే మాట్లాడారు. చాలామంది అలాగే చేస్తారు. ప్రతి మాటా అర్థం కావాలని పట్టుబట్టకండి, చేతులు, బొమ్మలు, బోర్డు చూసి విషయం పట్టుకోండి. హోంవర్కు ప్రచురణకర్త వెబ్‌సైటులో చెయ్యాలి, దానికి యాక్సెస్ కోడ్ కొనాలి. సెకండ్ హ్యాండ్ పుస్తకం చవగ్గా దొరికినా అందులో కోడ్ ఉండకపోవచ్చు, సిలబస్ చూశాకే కొనండి. సెమిస్టర్‌లో మాట్లాడే పరీక్ష ఉంటుంది, ప్రొఫెసర్ ఎదుట కూర్చుని మీ గురించి, కుటుంబం గురించి, రేపు ఏం చేస్తారో చెప్పాలి. దానికి కాలేజీ ట్యూటరింగ్ సెంటర్‌లో ప్రాక్టీసు చెయ్యండి. మా కాలేజీలో అది ఉచితం. అక్కడి ట్యూటర్ తో మాట్లాడటం వల్లే నాకు బెరుకు పోయింది. వ్యాసాలకి ట్రాన్స్‌లేటర్ యాప్ వాడొద్దు. క్లాసులో ఇంకా చెప్పని కాలాలు మీ రాతలో కనపడగానే ప్రొఫెసర్‌కి తెలిసిపోతుంది, అది క్రమశిక్షణ కేసు దాకా వెళ్తుంది.

ఆన్‌లైన్ సెక్షన్ సౌకర్యంగా కనిపిస్తుంది, పిల్లలున్నవాళ్ళకి మరీను. అయినా వీలుంటే క్లాసుకే వెళ్ళండి. పక్కనున్న మనిషితో రోజూ రెండు వాక్యాలు మాట్లాడకపోతే ఈ కోర్సుకి అర్థం లేదు. ఇది చదివే ఎఫ్1 (స్టూడెంట్ వీసా) విద్యార్థులకి ఒక మాట: ఫుల్‌టైమ్ లెక్కలోకి ఒక ఆన్‌లైన్ క్లాసు, అంటే మూడు క్రెడిట్ల వరకే వస్తుంది. పన్నెండు క్రెడిట్లకి తగ్గితే వీసాకే ఇబ్బంది, కాబట్టి మధ్యలో డ్రాప్ చేసే ముందు కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుని అడగండి. హెచ్4 వాళ్ళకి ఆ బాధ లేదు. కానీ టెక్సాస్ ప్రభుత్వ కాలేజీల్లో 2007 ఫాల్ నుంచి మొదటిసారి చేరిన ఎవరికైనా డిగ్రీ మొత్తం మీద ఆరు డ్రాపుల పరిమితి ఉంది. గడువు లోపల మానేస్తే గ్రేడ్ బదులు డబ్ల్యూ (W, మానేశారని గుర్తు) పడుతుంది, జీపీఏ పోదు, కానీ ఆ ఆరులో ఒకటి ఖర్చవుతుంది.

ఉపయోగం గురించి అడిగారు. ఒక సెమిస్టర్‌తో మీరు స్పానిష్ మాట్లాడే మనిషి అయిపోరు, నేనూ కాలేదు. ఆస్పత్రిలో రోగం గురించి, మందుల గురించి, ఆపరేషన్ అంగీకారం గురించి మాట్లాడాలంటే అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌నే పిలవాలి, అది ఫెడరల్ చట్టం, నేనూ పిలుస్తాను. కానీ ఇంటర్‌ప్రెటర్ లైన్ కలిసేలోపు, రాత్రిపూట భయపడుతున్న ఒక పెద్దావిడ దగ్గరికి వెళ్ళి వుస్తెద్ అని పలకరించి, నీళ్ళు కావాలా, చలిగా ఉందా అని ఆమె భాషలో అడిగితే, గదిలో ఆమె ఒంటరి కాదు. ఈ దేశంలో మనకి మన భాషలో ఒక మాట వినిపిస్తే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ మాట ఇంకొకరికి ఇవ్వగలగడం నాకు చాలా పెద్ద విషయం.

ప్రాక్టీసుకి డాలస్ కన్నా మంచి ఊరు ఏం కావాలి! మెక్సికన్ సూపర్ మార్కెట్‌కి వెళ్ళండి, చింతకాయలు తమరిందో, జామకాయలు గ్వయాబా, కొత్తిమీర సిలాంత్రో. కూరగాయల దగ్గర ధర అడగండి, కువాంతో కువెస్తా. మీరు ప్రయత్నిస్తున్నారని తెలిస్తే వాళ్ళు ఎంత ఓపిగ్గా చెప్తారో చూడండి. ఇంటికొచ్చాక స్పానిష్ చానెల్లో వాతావరణం వార్తలు పెట్టుకోండి, అంకెలు, వారాల పేర్లు, ఊళ్ళ పేర్లు రోజూ అవే తిరుగుతుంటాయి.

చేరే ముందు అడ్వైజర్ దగ్గర ఒక సంగతి తేల్చుకోండి: తర్వాత మీరు ట్రాన్స్‌ఫర్ కావాలనుకునే యూనివర్సిటీ, మీ మేజర్‌కి భాష అడుగుతుందా, అడిగితే ఎన్ని సెమిస్టర్లు. రెండో సెమిస్టర్ కోర్సు, 1412, కావాలంటే ఫాల్ తర్వాత వచ్చే స్ప్రింగ్‌లోనే తీసుకోండి, ఏడాది గ్యాప్ ఇవ్వకండి. ఫాల్ సెక్షన్లు త్వరగా నిండిపోతాయి, పొద్దున పూట క్లాసులు మరీను, కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చూసుకోండి. మీ కాలేజీ సిలబస్ చేతికొచ్చాక ఏదైనా అర్థం కాకపోతే ఇక్కడే అడగండి, చెప్తాను.