మేడ మీద ఫోకస్ లైట్లు, పొద్దున్నే కింద పిట్టలు

అన్నా, కర్నూలులో మీ కొత్త మేడ అద్దాల కింద పొద్దున్నే పిట్టలు పడి ఉంటున్నాయి, ఇది పిల్లి పనేనా అని అడిగారు. పిల్లి కాదు, మీ లైట్లే. ఆకుపచ్చ వీపు, కంటి మీదుగా నల్లటి పట్టీ, తోక కింద ఎరుపు అన్నారు కాబట్టి అది పొన్నంకి పిట్ట. వానాకాలంలో ఉత్తర, మధ్య భారతంలో గుడ్లు పెట్టి, తర్వాత దక్షిణానికి వస్తుంది. ప్రయాణం ఎక్కువగా రాత్రిపూటే. చుక్కలను, భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి దారి పట్టుకునే పిట్టలను ఆకాశంలోకి కొట్టే ఫోకస్ లైటు లాగేస్తుంది. దాని చుట్టూనే తిరిగి అలిసిపోతాయి, లేదా అద్దానికి గుద్దుకుంటాయి. మబ్బు పట్టిన రాత్రి మరీ ఎక్కువ.

ముందు టెర్రస్ మీద పైకి తిప్పిన లైట్లు తీసేయండి. షోకే కదా, పోయేదేమీ లేదు. న్యూయార్క్‌లో 2001 సెప్టెంబరు 11 దాడుల్లో పోయినవాళ్ల జ్ఞాపకార్థం వేసే కాంతి స్తంభాల్లో వెయ్యికి పైగా పక్షులు చిక్కుకుంటే ఓ 20 నిమిషాలు ఆర్పేస్తారు. అవి చెదిరి తమ దారిన పోతాయి. గేటు దగ్గర తప్పదంటే వెలుగు కిందికే పడేలా పైన కప్పున్న లైటు, 3000 కెల్విన్ (వెలుగు రంగుకు కొలత) లోపు పసుపు బల్బు పెట్టండి. మనిషి కదిలితేనే వెలిగేలా సెన్సర్ బిగిస్తే దొంగల టెన్షనూ ఉండదు. మెట్ల దగ్గర అద్దానికి రాత్రిళ్లు కర్టెన్ వేయండి.

ప్రాణంతో దొరికితే చెప్పుల డబ్బాకు చిల్లులు పెట్టి, గుడ్డ పరిచి, చీకట్లో ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి. తేరుకుంటే చెట్ల దగ్గర వదలండి, లేకుంటే అటవీ శాఖకు చెప్పండి. పిల్లలు ముచ్చటపడినా పంజరంలో మాత్రం పెట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు.