పంపు మార్చాలన్నారు... 60,000 అప్పు తేవచ్చా?

ప్రశ్న: నాది 2009 మోడల్ టాటా ఆరు టైర్ల లారీ. ఆరు సిలిండర్ల ఇంజిన్, లైన్ పంపు (ఇంజిన్‌కు డీజిల్ కొలిచి కొట్టే పంపు). నెలకు 4,000 కిలోమీటర్లు తిరుగుతుంది. మైలేజీ 4.5 నుంచి 3.8కి పడిపోయింది. లోడు మీద నల్లపొగ, పికప్ లేదు. పాత పంపు ఇచ్చేసి రీకండిషన్‌ది వేస్తే 60,000 అవుతుందట. ఫైనాన్స్‌లో నూటికి రెండు రూపాయల వడ్డీకి, 12 కిస్తీల్లో ఇస్తామంటున్నారు. బ్యాంకులో 45,000 ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మైలేజీ పడిపోయినందుకు నెలకు సుమారు 164 లీటర్ల డీజిల్ అదనంగా కాలుతోంది. లీటరు 96 రూపాయలు వేసుకున్నా 15,700 పైమాటే. కాబట్టి వాయిదా వేయొద్దు. అలాగని లోపం పంపుదే అని తేలకుండా 60,000 పెట్టొద్దు.

నల్లపొగకు ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, నాజిల్స్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) కారుతున్నా చాలు. ముందు ఆ రెండూ, డీజిల్ ఫిల్టర్లు, ఫీడ్ పంపు (ట్యాంకు నుంచి డీజిల్ లాగేది) చూపించండి. ఇంకా తగ్గకపోతే అప్పుడు పంపు విప్పించి టెస్ట్ బెంచ్ (పంపును విడిగా తిప్పి పరీక్షించే యంత్రం) ఎక్కించండి. దగ్గరుండి చూడండి: ఆరు గాజు గొట్టాల్లో డీజిల్ మట్టం సమానంగా లేదంటే పంపు లోపల డీజిల్‌ను ఒత్తిడితో నెట్టే ఎలిమెంట్లు, డెలివరీ వాల్వులు అరిగినట్టు. పంపు బాడీ, క్యామ్ (ఎలిమెంట్లను కదిలించే షాఫ్టు) బాగుంటే ఎలిమెంట్లు, వాల్వులు మార్చి కాలిబ్రేషన్ (అన్ని సిలిండర్లకూ డీజిల్ సమంగా సర్దడం) చేయిస్తే సరిపోతుంది, సాధారణంగా మార్పిడి పంపు కంటే చవక. పైగా మార్పిడిలో వచ్చేది ఏ ఇంజిన్‌కు సెట్ చేసిందో తెలియదు. గవర్నర్ (వేగాన్ని బట్టి డీజిల్‌ను అదుపు చేసే భాగం) సెట్టింగ్ తేడా అయితే పొగ మళ్లీ మొదటికొస్తుంది. తీసుకోక తప్పకపోతే పంపు ప్లేటు మీది నంబరు మీ పాతదానితో సరిచూసుకోండి.

బిగించేటప్పుడు మొదటి సిలిండర్‌ను కంప్రెషన్‌లో టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే స్థానానికి) తెచ్చి, గుర్తులు కలిపి టైమింగ్ పెట్టాలి. గుర్తు తప్పితే కొత్త పంపుకూ పికప్ రాదు. డీజిల్ పైపుల రాగి వాషర్లు కొత్తవే వేయించండి, పాతవి గాలి లాగుతాయి. సొంత ఆయిల్ ఛాంబర్ ఉన్న పంపయితే స్టార్ట్ చేయకముందే ఆయిల్ పోయించాలి, అది మరిచిపోతే క్యామ్ పట్టేస్తుంది. తర్వాత చేతి పంపుతో బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయాలి.

ఇక అప్పు సంగతి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతమే అనుకుంటున్నారు. కిస్తీ 6,200. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం 60,000 మీదే వేస్తారు. నిజమైన వడ్డీ రేటు ఏడాదికి 41 శాతం దాటుతుంది. అది వద్దు. మీ 45,000లో 15,000 డ్రైవర్ బత్తాకు, దారి ఖర్చుకు ఉంచి మిగతాది రిపేరుకు పెట్టండి. ఇంకా తక్కువైతే ఇంట్లో బంగారం మీద బ్యాంకు లోను నయం. మైలేజీ తిరిగొచ్చాక మిగిలే డీజిల్ డబ్బుతో రెండు మూడు నెలల్లో తీరిపోతుంది.

ఒక్కటి మాత్రం ముందే చూసుకోండి: ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) గడువు. 15 ఏళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరిగింది. వచ్చే రెండు మూడు నెలల్లోనే ఎఫ్‌సీ ఉండి, క్యాబిన్, టైర్ల పని కూడా మిగిలి ఉంటే మొత్తం ఖర్చు కాగితం మీద వేసుకున్నాకే పంపు విప్పించండి.